ఏడాది వ్యర్థమగునా?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన మఱునాడు ద్రాక్షారామమున గాని, రామచంద్రపురమున గాని, అమలాపురమున గాని ఏ యింటి అరుగుమీద కూర్చున్నను వినవచ్చు మాట యొకటియే: "ఏడాది వ్యర్థము కారాదు." ర్యాంకు వచ్చినవాని యింటను ఈ మాటయే, రానివాని యింటను ఈ మాటయే. పదునెనిమిదవ యేట నడుగిడిన కుఱ్ఱవాడు, కళాశాలలో చేరుటకు ముందు ఒక్క సంవత్సరము పరదేశమున నుండి వత్తునని నోరు విప్పెనా, తండ్రి ముఖము నల్లబడును. తల్లి కంట నీరు తిరుగును. మేనమామ వచ్చి బుద్ధులు చెప్పును. ఈడువారందఱు ముందునకు పోవుదురట, వీడొక్కడే వెనుకబడునట! రేపు పెండ్లిసంబంధమునకు వచ్చినవారు ఆ యేడాది యేమి చేసినాడని యడుగుదురట! ఇది నిజమైన వెఱపే. దానిని పరిహసించుట మా యుద్దేశము కాదు. కాని యా వెఱపు మన బిడ్డలను ఎచ్చటికి తోలుచున్నదో విచారింపక తప్పదు.

ఇందొక విచిత్రము కలదు. ఏడాది వ్యర్థమగునని యింతగా వెఱచు తలిదండ్రులే, వైద్యకళాశాలలో స్థానము దొరకనప్పుడు, "లాంగ్ టర్మ్" అను పేర బిడ్డను ఒక నిండు సంవత్సరము విజయవాడలోనో రాజమహేంద్రవరములోనో శిక్షణాలయపు హాస్టలునందు విడిచి, తేలికపడిన మనస్సుతో ఇల్లు చేరుచున్నారు. అచ్చట వాడు చదువునవి అదివఱకు రెండేండ్లు చదివిన పుస్తకములే. తెల్లవాఱకమునుపు లేచినది మొదలు రాత్రి కన్ను మూయువఱకు ప్రశ్నాపత్రములు నింపుటయే పని. వార్తాపత్రిక చూడడు, వీథి చూడడు, కిటికీకి వెలుపల ఏ ఋతువు వచ్చి పోయినదో వానికి తెలియదు. అన్నము మఱొకరు వండుదురు. ఏమి చదువవలెనో మఱొకరు నిర్ణయింతురు. ఎప్పుడు నిద్రింపవలెనో మఱొకరు గంట కొట్టి చెప్పుదురు. 2024లో ఆ వైద్యప్రవేశపరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైబడిరి. దేశమున ఎం.బి.బి.ఎస్. స్థానములు లక్షకు కొంచెము మాత్రమే మించినవి. కాబట్టి తప్పినవాడు రెండవ యేడును, ఒక్కొక్కడు మూడవ యేడును అట్లే గడపుచున్నాడు. ఆ యేండ్లు మాత్రము వ్యర్థములు కావట! చదివిన పుస్తకమునే మఱల చదివిన సంవత్సరము లాభమున పడుటయు, లోకమును చదివిన సంవత్సరము నష్టమున పడుటయు ఏ గణితశాస్త్రములోని లెక్కయో మాకు తెలియదు.

వైద్యులు కాగోరు బాలబాలికలను మేము నిందింపము. పేదయింటి బిడ్డకు ఆ పరీక్ష యొక నిచ్చెన. మేము చెప్పునది యింతమాత్రమే: చదువునకును చదువునకును నడుమ ఏడాది విడుపు మన యాచారము కాదను వాదము నిలువదు. ఆ విడుపు మనకిదివఱకే కలదు. దానికి మనము తలుపులు మూసిన గదిని ఎన్నుకొంటిమి.

ఇతర దేశములవారు దానికి తెఱపినేల నెన్నుకొనిరి. ఇంగ్లండున 1958లో పుట్టిన వి.ఎస్.ఓ. అను స్వచ్ఛందసేవాసంస్థ తొలిదినములలో పాఠశాల ముగించి విశ్వవిద్యాలయమున ఇంకను చేరని పదునెనిమిదేండ్లవారినే సముద్రములు దాటించి సంవత్సరకాలము పనికి పంపెను. జర్మనుదేశమునందు పని నేర్చిన వడ్రంగి, తాపీపనివాడు మూడేండ్ల ఒక దినము దేశాటనము చేయు ఆచారము శతాబ్దములనాటిది. నేటికిని కొందఱు దానిని పాటించుచున్నారు. ఆ కాలమున వాడు స్వగ్రామమునకు ఏబది కిలోమీటర్ల లోపలికి రారాదు. ఈ నిబంధన మాకు మిక్కిలి నచ్చినది. ఇంటిదారి మూసిననేగాని కాళ్లకు దారి తెలియదు కాబోలు! అట్లని పడమటివారు విరామవత్సరమను పేర చేయునదంతయు మెచ్చదగినది కాదు. కలవారి బిడ్డలు మూడు వారములకు మన పల్లెలకు వచ్చి, ఎలిమెంటరీ బడిలో నాలుగు ఆంగ్లపదములు చెప్పి, చీమిడిముక్కుల పిల్లలతో ఛాయాచిత్రములు తీయించుకొని పోవుట మనమెఱుగనిది కాదు. అది యాత్ర, నివాసము కాదు. యాత్రికుడు తన యిల్లు తనతోనే తీసికొని తిరుగును. నివసించువాడు ఇల్లు విడిచి రావలయును.

ఈ భేదము ద్రాక్షారామమువారికి మేము చెప్పవలసిన పని లేదు. వారి క్షేత్రపురాణమే దీనిపై నిలిచియున్నది. శ్రీనాథుడు బెండపూడి అన్నయామాత్యునకు అంకితమిచ్చిన భీమేశ్వరపురాణమున వ్యాసుని కథ యెఱుగని తెలుగువాడరుదు. కాశిలో శిష్యసమేతుడైన వ్యాసునకు భిక్ష దొరకలేదు. వేదములను విభజించినవాడు, అష్టాదశపురాణకర్త, ఆకటికి తాళలేక కాశిని శపింపబోయెను. అన్నపూర్ణ కడుపునిండ అన్నము పెట్టెను. విశ్వేశ్వరుడు మాత్రము ఊరు విడిచి పొమ్మనెను. వ్యాసుడు కన్నీరు కార్చుచు కాశి దాటి, పీఠాపురము మున్నగు క్షేత్రములు సేవించుచు, సప్తగోదావరతీరమునకు చేరెను. అంతకు మునుపే కాశి విడిచి దక్షిణమునకు వచ్చిన అగస్త్యుడు ఆయనకు తోడయ్యెను. పురాణకర్త యుద్దేశము ద్రాక్షారామము కాశితో సమానమని చాటుట. మేము దానినుండి మఱియొక సంగతి కూడ గ్రహించుచున్నాము. సర్వవిద్యలకును నెలవైన నగరమున నున్నంతకాలము వ్యాసునకు ఆకలి నోర్చుకొను విద్య యలవడలేదు. తన పేరు విన్నంతనే లేచి నిలుచువారు లేని దేశమునకు వచ్చి, క్రొత్తవాడై, ఒకరిని దారి యడిగి నడచిన పిమ్మటనే ఆయన కోపము చల్లాఱినది. పండితులు మా వ్యాఖ్యానమును క్షమింతురు గాక.

చాతుర్యమునకు మూలములైదని పెద్దలు లెక్కించి, అందు దేశాటనమును మొదట నిలిపిరి. పండితమైత్రి, శాస్త్రావలోకనము దాని తరువాతివే. రాజమహేంద్రవరపు మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీకథలను కూర్చునపుడు, మణిసిద్ధుని వెంట పంపినది పండితపుత్రుని కాదు, గోపాలకుడైన పిల్లవానిని. మజిలీ మజిలీకి వాడొక వింత చూచును, ఇదేమని యడుగును. అడుగుటయే వాని చదువు. మన హాస్టలు విద్యార్థికి నేర్పునది జవాబు. ప్రశ్న వానిది కాదు, అచ్చయి వచ్చును.

పురాణముల నటుంచుడు. గోదావరిమండలమునందు పరదేశవాసము ముత్తాతలనాటి ముచ్చట. గోదావరి ముఖద్వారమునొద్ద కోరంగి రేవు 1839 నాటి పెనుతుపానుకు పాడుపడకమునుపే, మనవారు ఓడలెక్కి తూర్పుసముద్రము దాటుట నేర్చిరి. తరువాత కాకినాడ రేవునుండి పోయిరి. బర్మాలో తెలుగువారికి "కోరంగీ"లను పేరు నిలిచిపోయినది. మన ముసలివారికి రంగూను రంగూను కాదు, "రంగము". రంగము వెళ్లినాడనిన ఇరువదేండ్లవాడు మూట భుజాన వేసికొని సముద్రము దాటినాడని యర్థము. అచ్చట రేవులో బరువులు మోసిరి, బియ్యపుమిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి, మేస్త్రీలకు కూలిలో భాగమిచ్చి, మిగిలినది ఇంటికి పంపిరి. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీల సమ్మె చల్లాఱి, వారు తిరిగి పనిలో చేరినపుడు, బర్మీయులకును మనవారికిని నడుమ చెలరేగిన కలహములో ఎందఱో తెలుగు బిడ్డలు ప్రాణములు కోల్పోయిరి. 1941 డిసెంబరు 23న జపానీయుల బాంబులు రంగూనుపై పడెను. 1942లో వేలకొలది జనులు అడవులగుండ, కొండలగుండ నడచి స్వదేశమునకు బయలుదేరిరి. చేరినవారికంటె చేరనివారి కథలే మన పల్లెలలో ఎక్కువ.

కావున రంగమును బంగారుకలగ చిత్రించుట మాకిష్టము లేదు. అయినను ఒక్క సంగతి చెప్పవలెను. అంటరానివారని ఊరి వెలుపల నుంచబడినవాడు, పై వీథిని చెప్పులు తొడిగికొని నడువగూడనివాడు, రంగమున అందఱు నడుచు దారినే నడచెను. అచ్చట వానిని కులమడిగినవాడు లేడు. బస్తా నెత్తగలవా యని యడిగిరి. కొంతకాలమునకు తిరిగివచ్చి భూమి కొన్నవారును, బిడ్డలను బడికి పంపినవారును కలరు. తెచ్చిన ధనము ఖర్చయిపోయియుండును. ఆ నడక మాత్రము ఖర్చు కాలేదు. కోనసీమలో ఆత్మగౌరవపు మాట బిగ్గరగ వినబడుటకు పాఠశాలలెంత కారణమో, ఓడరేవులును అంత కారణము. దీనిని వ్రాసిన చరిత్రపుస్తకములు మన పిల్లల చేతులలో తక్కువ.

నేడు రంగము స్థానమున కువైటు వచ్చినది; దుబాయి, ఖతరు, మస్కటు వచ్చినవి. ఒక ముఖ్యభేదము: నాడు పోయినవారిలో పురుషులే హెచ్చు, నేడు రాజోలు, అమలాపురము తాలూకాల పల్లెలనుండి ఇంటిపనికై పోవువారిలో స్త్రీలు పెక్కండ్రు. ముప్పది యేండ్లు నిండని స్త్రీకి గల్ఫునందు ఇంటిపనికి వలసానుమతి నీయరాదని భారతప్రభుత్వపు నియమము. ఏజెంట్లు దానిని సందర్శకుల వీసాలతో దాటించుచున్నారు. "కఫాలా" యను పద్ధతి చొప్పున యజమాని యిష్టములేనిదే ఉద్యోగము మాఱరాదు. పాసుపోర్టు వాని పెట్టెలో నుండును. జీతము చేతికి రాక, ఇంటికి తిరుగుదారి లేక రాయబారకార్యాలయముల గుమ్మములయందు పడిగాపులు గాచిన ఆడుపడుచుల సంగతి పత్రికలలో పలుమాఱు చదివితిమి. ఇట్టి దాస్యమును మేము విద్యయని పిలువము.

కాని యా స్త్రీని చూడుడు. అయిదవ తరగతితో బడి మానినది. పొరుగూరి సంతకు ఒంటరిగ పోయి యెఱుగదు. విమానమెక్కి, అక్షరమైనను చదువరాని దేశమున దిగి, ఆఱు నెలలలో అరబ్బీ మాటలాడుట నేర్చినది. ఎవరి మాటను నమ్మవలెనో, ఎవరి మాటను విని ఊరకుండవలెనో ముఖము చూచి చెప్పగలదు. ఇంటికి సొమ్ము పంపుట, మారకపు ధర తెలిసికొనుట, తన పత్రములు తాను భద్రపఱచుకొనుట నేర్చినది. సుడాను స్త్రీతోను, ఫిలిప్పీను స్త్రీతోను, సింహళ స్త్రీతోను ఒకే వంటయింట నిలిచి, లోకమున తనవంటివారు ఎందఱు కలరో తెలిసికొన్నది. ఊరికి తిరిగివచ్చిన తరువాత పంచాయతీ కచ్చేరిలో ఆమె నిలుచు తీరు వేఱుగా నుండును. ఈ విద్యకు పట్టము లేదు. ఎవరును శాలువ కప్పరు.

ఆమె అంత కష్టపడుట యెందులకు? కుమారునకు ఏడాది వ్యర్థము కాకుండుటకు! తల్లి కువైటునుండి పంపిన దినారములు హాస్టలు రుసుముగ మాఱుచున్నవి. ఆ యింట పరదేశవాసమను విద్యయందు ఆఱితేఱినవారొకరు కలరు. కుమారుడు మాత్రము ఆమె నొక్క ప్రశ్నయైన అడిగియుండడు. కూతురు ఏడాది దూరదేశమున నుండి వచ్చెదననిన, "ఆడుపిల్ల నెట్లు పంపుదు"మని ఇరుగుపొరుగువారు ముక్కున వ్రేలుంచుకొందురు. ఆ పిల్ల తల్లిని పంపినప్పుడు ఈ ముక్కులును వ్రేళ్లును ఎచ్చట నుండెను?

పరదేశమున పెరుగునదేమని యడుగువారికి గాంధీమహాత్ముని యౌవనమును గుఱుతుచేయుదుము. ఆయన మెట్రిక్యులేషను 1887లో ముగించి, భావనగరపు కళాశాలలో ఒక్క విడత చదివి నిలువలేక, 1888 సెప్టెంబరులో పందొమ్మిదేండ్లైనను నిండకుండ ఇంగ్లండునకు ఓడ యెక్కెను. కులపెద్దలు వెలివేసిరి. లండనులో మొదట ఆయన నేర్చినది న్యాయశాస్త్రము కాదు, ఆకలి. తల్లికిచ్చిన మాటకొఱకు మాంసము ముట్టక, తినుటకేమియు దొరకక, వీథివీథి తిరిగి శాకాహారభోజనశాలను కనుగొనెను. సొగసైన దుస్తులు కుట్టించెను, నాట్యము నేర్వబోయెను, వయొలిను కొనెను, కొలదికాలములో అవి తనకు తగవని తానే విడిచెను. ప్రతి పైసకు లెక్క వ్రాసెను. చిన్న గదికి మాఱి తన గంజి తాను కాచుకొనెను. బండికూలి మిగుల్చుటకు మైళ్లకొలది నడచెను. అన్నిటికంటె వింత, భగవద్గీతను ఆయన తొలుత చదివినది గుజరాతులో కాదు, లండనులో. ఇద్దఱు దివ్యజ్ఞానసమాజపు సోదరులు తోడురమ్మని పిలువగా, ఆర్నాల్డు ఆంగ్లానువాదముతో. తనకు సంస్కృతమున గాని గుజరాతీలో గాని గీత తెలియదని వారియెదుట చెప్పవలసి వచ్చినపుడు కలిగిన సిగ్గును ఆయన దాచలేదు.

ఆ సిగ్గు విలువ కట్టరానిది. ద్రాక్షారామపు కుఱ్ఱవాడు పరదేశమునకు పోయెనేని, మీ యూరిలో నేమున్నదని తప్పక యడుగుదురు. భీమేశ్వరాలయపు స్తంభములమీదను గోడలమీదను తూర్పుచాళుక్యులనాటినుండి చెక్కిన వందలకొలది శాసనములున్నవని, దూరదేశపు రాణులును, సేనానులును, వర్తకులును అఖండదీపములకు పశువులను దానమిచ్చిన పట్టీలవియని, పదునేడవ శతాబ్దమున ఒలందావారు బట్టల వర్తకమునకై తన యూరనే కొలువుండిరని వాడు చెప్పగలడా? రోజును ఆ స్తంభముల ప్రక్కనే ప్రదక్షిణము చేసినాడు. ఒక్క అక్షరము చదువలేదు. పొరుగువాడు అడిగిననాడు మన యిల్లు మనకు కనబడును. ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పుచ్చుకొని వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, 1921లో చీరాల-పేరాల పోరాటమునాటికి తెలుగు పాటయు, తెలుగు పదమును, రామదండును చేపట్టి నిలిచిరి. పరదేశమునకు పోయినవాడు మనవాడు కాకుండ పోవునను భయమునకు ఈ యిరువురి జీవితములే సమాధానము.

"మా పిల్లలు అమెరికాకు పోవుచునేయున్నారు గదా" అని కొందఱందురు. అవును, 2023-24లో అమెరికాయందు చదివిన భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేలు. అందు తెలుగువారు తక్కువవారు కారు. కాని వారిలో పెక్కుమంది పోవునది ఇరువదిరెండేండ్ల యీడున, బి.టెక్. ముగిసిన పిదప, లక్షల అప్పు తలపై పెట్టుకొని. అప్పుతో దిగినవాడు కుడియెడమలు చూడలేడు. గదిలో నలుగురును తెలుగువారే. సరుకులు తెలుగువారి కొట్టునుండియే. ఆదివారము తెలుగు చలనచిత్రమే. మాటలలో కులపు జాడయు తప్పదు. రెండేండ్లు గడచినను పొరుగింటి అమెరికావాని వంటయింట అడుగు పెట్టియుండడు. వాని నిందించి ప్రయోజనము లేదు. పదునెనిమిదవ యేట, అప్పులేక, పరీక్షలేక, ఒక్క యేడాది క్రొత్తచోట నుండి వచ్చినవాడైనచో, ఇరువదిరెండవ యేట అమెరికాయందు వాని బ్రదుకు వేఱుగా నుండెడిది.

ఇచ్చట మనలను సిగ్గుపఱుపవలసిన సంగతి యొకటి కలదు. అమెరికా ప్రభుత్వము 2002లో కెనెడీ-లూగర్ పేర నొక యువవినిమయపథకమును నెలకొల్పినది. ఎన్నికైన బాలబాలికలు ఒక విద్యాసంవత్సరము అమెరికా కుటుంబములో బిడ్డలవలె నివసించి, అచ్చటి ఉన్నతపాఠశాలలో చదువుకొని తిరిగివత్తురు. 2022 ప్రాంతమున ఆంధ్రరాష్ట్రమునుండి దీనికి ఎన్నికైనవారిలో సాంఘికసంక్షేమ గురుకులముల బిడ్డలుండిరి. రెక్కాడినగాని డొక్కాడని యిండ్లలోని పిల్లలు! ఏడాది వ్యర్థమగునని ఆ తలిదండ్రులు వెఱవలేదు. పదియెకరముల కొబ్బరితోట గలవారు వెఱచుచున్నారు.

తలుపులన్నియు తెఱచియున్నవని మేము భ్రమ కల్పింపము. ఇంగ్లండు యువకుడు పదునెనిమిదవ యేట మన పల్లెకు సులువుగ వచ్చిపోవును. మన యువకునకు ఆ సౌలభ్యము లేదు. ఇంగ్లండు 2023లో భారతయువకులకు ఏటేట మూడువేల వీసాలు ప్రకటించినది, కాని పట్టభద్రులకు మాత్రమే. ఆస్ట్రేలియా 2024లో వెయ్యిమందికి ప్రకటించినది; రెండేండ్ల పైచదువు చూపినవారికే. అనగా లోకమును చూచి పెరుగవలసిన యీడున మనవానికి ద్వారము మూసి, పనికి పనికివచ్చు నీడున తెఱచుచున్నారు. స్వరాజ్యము వచ్చి ఇన్నేండ్లైనను మన పాసుపోర్టునకీ తక్కువతన మేల యని ఢిల్లీలో నడుగవలసినవారు అడుగవలెను.

అయినను దారులు లేకపోలేదు. జర్మనీయందు స్వచ్ఛందసేవా సంవత్సరమను పద్ధతియున్నది. వృద్ధాశ్రమములలోను, శిశువిహారములలోను పనిచేయువారికి వసతియు, స్వల్పభృతియు నిత్తురు. కొంత జర్మనుభాష నేర్చిన పరదేశ యువకులకును ప్రవేశము కలదు. నేపాళమునకు వీసాయే యక్కఱలేదు. 1950 నాటి సంధిచొప్పున భారతీయుడచ్చట నివసింపవచ్చును, పని చేసికొనవచ్చును. అంతమాత్రపు స్థోమతయు లేనివానికి అస్సాము లేదా? మణిపురము లేదా? రాజోలు కుఱ్ఱవానికి నాగాకొండలు లండనుకంటె తక్కువ పరదేశమా? తెలుగు వినబడని చోటు, తన కులము తెలియని జనము, తన అన్నము తాను వండుకొనవలసిన పొయ్యి, చేయుట కేదైన ఒక పని: ఈ నాలుగు నున్నచోటు చాలును.

ఇక తిరిగివచ్చిన తరువాతి మాట. నడుమ ఏడాది చదువు లేనివానిని కళాశాలవారు "గ్యాప్ సర్టిఫికెట్" తెమ్మందురు. స్టాంపు కాగితముపై నోటరీ యెదుట, ఆ కాలమున తాను ఏ విద్యాలయమునందును చేరలేదని వాడు ప్రమాణము చేయవలెను. ఏమి నేర్చి వచ్చితివని యడుగు గడి యా కాగితమున లేదు. విశ్వవిద్యాలయములవారు ఒక్క పంక్తి చేర్చుట కష్టము కాదు. ఎచ్చట నుంటివి, ఏ పని చేసితివి, ఏ భాష నేర్చితివి యని అడిగి, సంతృప్తికరముగ నున్నచో ప్రవేశమునకు దానిని గుణముగ నెన్నవచ్చును. ఇట్లు చేసిననాడు తండ్రుల వెఱపులో సగము తీఱును.

డబ్బు సంగతి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు దారిన పోవు పరాయివారికి అన్నము పెట్టుటకే జీవితమును ధారపోసిన సీమ యిది. ప్రవాసమున ధనము గడించిన కోనసీమవారు నేడును ఊరి గుడులకు గోపురములు, మండపములు కట్టించుచున్నారు, మంచిదే. ద్రాక్షారామమున ఒకప్పుడు అఖండదీపమునకు ఇచ్చినట్లు, ఏటా ఇద్దఱు పిల్లలకు, ఒక బాలునకును ఒక బాలికకును, సంవత్సరపు పరదేశవాసమునకై ఒక నిధి నేర్పఱుపగోరు దాత యెవరైన కలరా? ఎన్నికచేయువారు మార్కుల పట్టీ నడుగనక్కఱలేదు. అన్నము వండుట వచ్చునా, బట్టలుదుకుట వచ్చునా, ఊరి గుడిమీది ఒక శాసనమునైన చదివి అర్థము చెప్పగలరా యని యడిగిన చాలును. పరీక్షకులలో కువైటునుండి తిరిగివచ్చిన తల్లి నొకతెను తప్పక కూర్చుండబెట్టవలెను. వెళ్లివచ్చినవారు తమ ఉన్నతపాఠశాలలో పది దినములు కూర్చుండి పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పవలెనని నియమ ముంచవచ్చును. అట్టి దాతలు తమ షరతులను వ్రాసి పంపినచో ఈ పుటయందే ఉచితముగ ప్రకటింతుము. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడు లోపలనే పంపిరేని మఱియు మేలు.